పక్కవాళ్ళ మాటలు చెవిన పడని పిల్లవాడు: ఒక కేస్ స్టడీ

ఎనిమిదేళ్ళ బాబు. పుట్టుకతోనే వినికిడి లేదు. నాలుగేళ్ళప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం) ఆపరేషన్ అయింది. మాటలు వచ్చాయి, మామూలు స్కూల్లో చదువుతున్నాడు, అక్షరాలు చక్కగా రాస్తాడు. ఆ బాబును "వీడికి ఎదుటివాళ్ళ బాధ పట్టదు, ఆటిజం ఏమో చూడండి" అని మా సెంటర్‌కి పంపారు. నేను పిల్లల మానసిక ఎదుగుదల మీద పనిచేసే సైకాలజిస్టుని. వినికిడి లోపం ఉన్న పిల్లల రిపోర్టుల్లో ఎన్ని శబ్దాలు వింటున్నారో, ఎన్ని పదాలు వచ్చాయో ఉంటుంది. ఎదుటి మనిషి ఏమనుకుంటున్నాడో వాళ్ళకి అందుతోందా అన్న ప్రశ్న మాత్రం దాదాపు కనిపించదు. ఆ ప్రశ్న ఎవరూ అడగకపోతే మొండివాడు, దొంగ, రాతిగుండె అన్న పేర్లు పడిపోతాయి. ఈ కేసు రాయడానికి కారణం అదే.

బాబును ఇక్కడ కిట్టు అంటాను. ఊరు, కుటుంబం చేసే పని, కొన్ని సంఘటనల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక చిన్న పట్టణం. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, కిట్టు, నాలుగున్నరేళ్ళ చెల్లి. చెల్లికి వినికిడి మామూలుగానే ఉంది. కిట్టు పిలిస్తే పలకడం లేదని రెండేళ్ళు దాటాక గానీ అనుమానం రాలేదు. ముందు చెవి మిషన్లు పెట్టారు, పెద్దగా లాభం లేదు. తర్వాత ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగింది. ఆపై తల్లి వారం వారం బస్సెక్కి స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళింది. అక్కడ చెప్పినవన్నీ ఇంట్లో చేయించింది. గోడల మీద బొమ్మల చార్టులు, తలుపు మీద 'తలుపు' అని రాసిన కాగితం, ఫ్రిజ్ మీద 'ఫ్రిజ్' అని ఇంకోటి. ఆమె పట్టుదల లేకపోతే ఈ బాబుకి ఈ మాటలు వచ్చేవి కావు.

అయితే ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కిట్టు జీవితంలో మొదటి నాలుగేళ్ళు మాట లేకుండానే గడిచాయి. ఇంట్లో సైగలు కూడా వాడలేదు. సైగలు అలవాటైతే నోటి మాట రాదని ఎవరో చెబితే, చేయి ఊపి పిలవడం కూడా మానేశారు.

వచ్చిన సమస్య

క్లాసులో ఎవరి వస్తువు నచ్చితే అది తీసుకుంటాడు, అవతలివాళ్ళ కళ్ళముందే. అడిగితే "తీయలేదు" అంటాడు, వస్తువు చేతిలోనే ఉంటుంది. ఒక అమ్మాయి మెట్ల మీద జారిపడితే గట్టిగా నవ్వాడు. లైన్లో ఎవరైనా పొరపాటున కాలు తొక్కితే వెనక్కి తిరిగి కొడతాడు, కావాలని తొక్కినా పొరపాటున తొక్కినా అతనికి ఒకటే. స్కూలు చెప్పినవి ఇవి. తల్లి చెప్పినవి వేరు, నాకు అవే ఎక్కువ దారి చూపించాయి. దాగుడుమూతల్లో తలుపు వెనక నిలబడి "నేను ఇక్కడ ఉన్నా" అని తనే అరుస్తాడు. మేనమామ వీడియో కాల్ చేసి "అన్నం తిన్నావా" అంటే, ఫోన్ టేబుల్ మీద పడుకోబెట్టి ఉన్నా సరే తల ఊపుతాడు. స్కూలు నుంచి వచ్చి "వాడు పడ్డాడు, నీళ్ళు, సార్ తిట్టాడు" అంటాడు. వాడెవడు అంటే కోపం వస్తుంది. తాను చూసింది అమ్మ చూడలేదన్న సంగతి అతని లెక్కలో లేదు.

"మేడమ్, వీడికి ప్రేమ లేదా?" అని తల్లి అడిగింది. ఆ ప్రశ్న వెనక చాలా రోజుల బాధ ఉంది. చెల్లికి జ్వరం వస్తే దగ్గరికి వెళ్ళి తన దుప్పటి కప్పాడని కూడా ఆమే చెప్పింది. నేను రెండోదాన్ని నోట్స్‌లో గీత గీసి పెట్టుకున్నాను.

ఆటిజమా, ఇంకేమైనానా

మొదటి నిర్ణయం ఇదే. ఎదుటివాళ్ళ మనసు అర్థం కావడంలో ఇబ్బంది అనగానే ఆటిజం గుర్తుకు రావడానికి కారణం ఉంది. 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ లండన్‌లో రెండు బొమ్మలతో ఒక పరీక్ష చేశారు. ఒక బొమ్మ గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. రెండో బొమ్మ దాన్ని తీసి పెట్టెలో పెడుతుంది. మొదటి బొమ్మ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అని చెప్పాలంటే, తనకు తెలిసింది ఆ బొమ్మకు తెలియదని పిల్లలకి తట్టాలి. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది పెట్టె అన్నారు. అప్పటినుంచి ఈ పరీక్ష తప్పితే ఆటిజం అన్న లెక్క చాలామంది మనసులో స్థిరపడిపోయింది.

ఆ లెక్క సరికాదు. 1995లో ఆస్ట్రేలియాలో కాండిడా పీటర్సన్, మైకేల్ సీగల్ ఇదే పరీక్షను వినికిడి లేని పిల్లలకి పెట్టారు. తెలివితేటలకు లోటు లేదు, వయసు ఎనిమిది దాటింది, అయినా సగం కంటే ఎక్కువ మంది తప్పారు. వినికిడి ఉన్న పిల్లలు సాధారణంగా నాలుగైదేళ్ళకే దాటే మెట్టు ఇది. తర్వాతి అధ్యయనాల్లో ఇంకా ముఖ్యమైన విషయం బయటపడింది. తల్లిదండ్రులు కూడా వినికిడి లేనివారై, పుట్టినప్పటినుంచి సైగభాషలో ధారాళంగా కబుర్లు నడిచే ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఈ ఆలస్యం లేదు. అంటే లోటు చెవిలో లేదు, మెదడులోనూ లేదు. ఇంట్లో పిల్లవాడికి అందిన సంభాషణలో ఉంది.

పుస్తకాల్లో ఉన్నది కిట్టుకి వర్తిస్తుందని ఊహించి వదిలేయలేం కదా, రెండు వైపులా చూశాం. పిల్లలు కనిపిస్తే వాళ్ళ మధ్యలోకి వెళ్తాడు. కొత్త బొమ్మ దొరికితే నా ముఖం వైపు చూసి నవ్వుతాడు, వేలుపెట్టి చూపిస్తాడు. అగ్గిపెట్టెను బస్సు చేసి నడిపాడు, నాకు టికెట్ కొట్టి చిల్లర కూడా ఇచ్చాడు. ఒకే పని పదే పదే చేయడం, చిన్న మార్పుకి తల్లడిల్లడం లాంటివి లేవు. మన దేశంలో ఆటిజం అంచనాకి వాడే ఐసా (ISAA) స్కేలులో 40 అంశాలకు కలిపి 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు లెక్క. కిట్టు స్కోరు దానికి బాగా దిగువన ఉంది. బొమ్మల పజిళ్ళతో చేసే తెలివితేటల పరీక్షలో వయసుకి తగ్గట్టే చేశాడు. ఆటిజం కాదని రాశాను. కాదని రాస్తే సరిపోదు, మరేమిటో కూడా చెప్పాలి.

అతను ఏ మెట్టు మీద ఉన్నాడు

ఎదుటి మనసు అర్థం కావడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ఏడాదిన్నర పాపకే తనకు నచ్చింది అవతలివాళ్ళకి నచ్చకపోవచ్చని తెలుస్తుంది. 1997లో బెట్టీ రెపాచోలి, అలిసన్ గోప్నిక్ చేసిన ప్రయోగంలో, పెద్దామె బ్రాకలీ తిని ఇష్టంగా ముఖం పెడితే 18 నెలల పిల్లలు తమకు బిస్కెట్లే ఇష్టమైనా ఆమెకు బ్రాకలీ ఇచ్చారు. 14 నెలల పిల్లలు బిస్కెట్లే ఇచ్చారు. ఆ తర్వాతి మెట్లను 2004లో హెన్రీ వెల్మన్, డేవిడ్ లియు ఒక వరసలో పెట్టారు: ఇష్టాలు వేరుగా ఉంటాయి, అభిప్రాయాలు వేరుగా ఉంటాయి, చూడనివాడికి తెలియదు, తప్పుగా నమ్మేవాళ్ళు ఉంటారు, లోపల ఒకటి పెట్టుకుని ముఖంలో ఇంకొకటి చూపించవచ్చు. చైనాలోను, ఇరాన్‌లోను పిల్లలు 'చూడనివాడికి తెలియదు' అన్నదాన్ని 'అభిప్రాయాలు వేరు' కంటే ముందే అందుకున్నారు. అందుకని వరసను నేను కొలబద్దగా కాకుండా ఒక పటంలా వాడుకుంటాను.

పరీక్షలను మన ఇళ్ళకి తగ్గట్టు మార్చుకోవడం గురించి ఒక మాట. చాక్లెట్ల డబ్బాలో పెన్సిళ్ళు పెట్టి, "డబ్బా తెరవని నీ ఫ్రెండ్ ఇందులో ఏముందనుకుంటాడు?" అని అడిగే పరీక్ష ఒకటి 1987 నుంచి వాడుకలో ఉంది. మన పిల్లలకి ఇది నేరుగా పనికిరాదు. మన ఇళ్ళలో బిస్కెట్ డబ్బాలో సూదీదారం ఉంటుంది, హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది, ఐస్‌క్రీమ్ డబ్బాలో దోసెల పిండి ఉంటుంది. డబ్బా మీద బొమ్మను నమ్మి లోపల ఏముందో చెప్పే అలవాటే మనవాళ్ళకి తక్కువ. అందుకే సీలు తీయని కొత్త క్రేయాన్ల పెట్టె వాడతాను, కింది నుంచి తెరిచి లోపల బొత్తాలు పెడతాను.

కిట్టు ఇష్టాల ప్రశ్న సులువుగా దాటాడు. "ఈ తాతకి కారప్పూస ఇష్టం, నీకు లడ్డు ఇష్టం, తాత ఏది తీసుకుంటాడు?" కారప్పూస అన్నాడు. దుప్పటి కప్పడం లాంటివి ఈ మెట్టుకి చెందినవే. ఎదుటివాళ్ళకి ఏదో కావాలని అతనికి తెలుసు, వాళ్ళ మీద మమకారమూ ఉంది. మూసిన సొరుగులో ఏముందో ఇప్పుడే వచ్చిన బొమ్మకి తెలుసా అంటే మాత్రం తడుముకోకుండా "తెలుసు" అన్నాడు. క్రేయాన్ల పెట్టె చూపించి చెల్లి ఏమనుకుంటుంది అంటే "బొత్తాలు". ప్రశ్న అర్థం కాక అలా అన్నాడేమోనని, ముందు ఏముందనుకున్నావు, ఇప్పుడు లోపల ఏముంది అని విడివిడిగా అడిగాం. ఇప్పుడున్నది సరిగ్గా చెప్పాడు. ముందు తనేమనుకున్నాడో అడిగితే అదీ "బొత్తాలు" అన్నాడు. తన పాత నమ్మకం కూడా అతనికి గుర్తులేదు. మాటలు తక్కువగా ఉండే బొమ్మల పరీక్షలోనూ ఇదే జరిగింది.

బయట కూర్చున్న చెల్లిని పిలిచి అదే పెట్టె చూపించాం. "అన్నయ్యకి తెలీదు కదా, వాడు రంగులనుకుంటాడు" అంది. నాలుగున్నరేళ్ళ పాపకి తెలిసింది ఎనిమిదేళ్ళ అన్నకి తెలియలేదు. ఇల్లు ఒకటే, పెంపకం ఒకటే. తేడా ఎక్కడుందో ఇంట్లోనే వెతకాలనిపించింది.

ఒక ఇంట్లో రెండు సంభాషణలు

రాత్రి భోజనాల సమయంలో ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను. తల్లి కిట్టుతో అన్న మాటలు: "ఇది ఏంటి? చెప్పు. పెరుగు. పెరుగు అను. తిను. నీళ్ళు తాగు." అదే పూట చెల్లితో: "ఎందుకే అలిగావు? అన్నయ్యకి ఎక్కువ వేశాననుకున్నావా? లేదమ్మా, నువ్వు పడుకున్నావనుకుని నీది పక్కన పెట్టా." ఒకే తల్లి. ఒకరికి వస్తువుల పేర్లు అందుతున్నాయి, ఇంకొకరికి మనుషుల లోపల జరిగేది అందుతోంది. ఆమెను తప్పుపట్టడానికి వీల్లేదు. చిన్న వాక్యాలు మాట్లాడు, పేర్లు చెప్పించు అని ఏళ్ళ తరబడి ఆమెకి నేర్పింది మా రంగమే.

రెండో తేడా ఇంకా లోతైనది. పిల్లలు తమతో అన్న మాటల నుంచే నేర్చుకోరు, పెద్దలు తమలో తాము మాట్లాడుకునేది వింటూ నేర్చుకుంటారు. "మీ అక్క ఏమనుకుంటుందో", "నేను మర్చిపోయాననుకున్నాడు పాపం", "ఆవిడకి తెలియనివ్వకు" అనే మాటలు వంటింట్లోంచి, అరుగు మీదనుంచి చెవిన పడుతూనే ఉంటాయి. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఇంప్లాంట్ ఉన్న పిల్లవాడికి ఎదురుగా కూర్చుని మాట్లాడితే వినిపిస్తుంది. ఫ్యాను తిరుగుతూ, సీరియల్ మోగుతూ, కుక్కర్ కూస్తూ ఉన్న ఇంట్లో పక్క గది మాట అందదు.

నాయనమ్మ చెప్పిన ఒక సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. రాత్రి లైటు తీసేశాక మనవలిద్దరినీ చెరోపక్క పడుకోబెట్టుకుని కథలు చెబుతుంది. కిట్టు కూడా పక్కనే ఉంటాడని సంతోషంగా అంది. పడుకునే ముందు ఇంప్లాంట్ బయటి మిషన్ తీసి డబ్బాలో పెట్టేస్తారు. ఆ పిల్లవాడు ఇన్నేళ్ళుగా చీకట్లో, నిశ్శబ్దంలో, కథ నడుస్తున్న మంచం మీద పడుకుంటున్నాడు.

ఫలించని ప్రయత్నాలు

ముందు వినికిడి సంగతి తేల్చుకోవాలి. ప్రయాణం ఖర్చు వల్ల ఏడాదికి పైగా మ్యాపింగ్, అంటే ఇంప్లాంట్ శబ్దాల స్థాయిని పిల్లవాడికి తగ్గట్టు సరిచేయడం, చేయించలేదు. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాల పరీక్షలో చివరి రెండూ దూరం నుంచి పట్టుకోలేకపోయాడు. మ్యాపింగ్ సరిచేయించి, వేరే ఏదీ మొదలుపెట్టకుండా కొన్ని వారాలు ఆగాం. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. దూరం నుంచి పిలిస్తే పలకడం మెరుగైంది. ఎదుటివాళ్ళకి తెలుసా తెలియదా అన్నచోట మార్పు లేదు. శబ్దం అందినంత మాత్రాన గడిచిపోయిన ఏళ్ళ కబుర్లు అందవు.

అప్పటికే స్కూల్లో ముఖాల ఫ్లాష్‌కార్డులు మొదలుపెట్టారు. సంతోషం, బాధ, కోపం, భయం. కిట్టు వారం తిరక్కుండానే అన్నీ సరిగ్గా చెప్పాడు, అందరూ ఆనందించారు. ఆ వారమే ఏడుస్తున్న పిల్లవాడి ముందు నిలబడి "బాధ" అని పేరు చెప్పి వెళ్ళిపోయాడు. ముఖానికి పేరు పెట్టడం అతనికి కొత్త వస్తువుకి పేరు పెట్టడంలాంటిదే. ఆ బాధ ఎక్కడినుంచి వచ్చింది, ఆ పిల్లవాడు ఏం జరుగుతుందనుకున్నాడు, ఏం జరిగింది అన్న గొలుసు కార్డులో లేదు.

తప్పు చేసినప్పుడల్లా "సారీ చెప్పు" అనడం కూడా అలాంటిదే. సారీ అనేది తిట్లు ఆపే మీట అని నేర్చుకున్నాడు. అడక్కుండా ఏదీ తీసుకోకూడదన్న నియమం బోర్డు మీద రాసి పెడితే, తన టిఫిన్ బాక్స్ తెరవడానికి కూడా టీచర్‌ని అడగడం మొదలుపెట్టాడు. నియమం ఎందుకుందో తెలియాలంటే, వస్తువు పోయినవాడు ఏమనుకుంటాడో తెలియాలి.

బొమ్మలతో గోళీ ఆటను నేర్పడం కూడా చేసి చూశాం. పలుమార్లు ఆడించి సరైన జవాబు చూపిస్తే పట్టేశాడు, "బుట్ట" అన్నాడు. క్రేయాన్ల పెట్టె ముందు పెడితే మళ్ళీ "బొత్తాలు". ఒక పరీక్షకి జవాబు నేర్చుకున్నాడు, అంతే. అప్పటినుంచి పరీక్ష బొమ్మలను శిక్షణకి వాడటం ఆపేశాం. పరీక్షలో గెలిపించడం మా పని కాదు.

పనిచేసినవి

అట్టతో మేఘం ఆకారంలో ఆలోచన బుడగలు కత్తిరించాం, కామిక్ బొమ్మల్లో తల పైన ఉండేవి. వెల్మన్, పీటర్సన్ 2013లో వినికిడి లేని పిల్లల మీద ఈ పద్ధతి ప్రయోగించి మంచి ఫలితం చూశారు. దీన్ని ఎంచుకోవడానికి నాకు మరో కారణం ఉంది. నమ్మకం కంటికి కనిపించదు, కిట్టు కంటితో నేర్చుకునే పిల్లవాడు. మాట పూర్తిగా అందని చోట బొమ్మ ఆ మాటని కాసేపు పట్టి ఉంచుతుంది.

మొదట అతని తలపైనే బుడగ. "కిట్టు ఏం ఆలోచిస్తున్నాడు?" ఐస్‌క్రీమ్ గీశాడు. తర్వాత చెల్లి తలపైన. ఒకే మూసిన సంచి ముందు ఇద్దరికీ వేరు వేరు బుడగలు. చెల్లి సంచిలో కుక్కపిల్ల బొమ్మ ఉందనుకుంది, కిట్టు కారు ఉందనుకున్నాడు. సంచి తెరిస్తే బంతి. ఇద్దరి బుడగలూ మార్చాం, పాతవి చింపకుండా పక్కనే పెట్టాం. ముందు ఇలా అనుకున్నాను, ఇప్పుడు ఇలా తెలుసుకున్నాను అని తన పాత ఆలోచనను చేత్తో పట్టుకుని చూశాడు. నా అభిప్రాయంలో అసలు మలుపు ఇదే. ఎదుటివాడు తప్పుగా నమ్మగలడని తెలియడానికి ముందు, ఇందాక నేనే తప్పుగా నమ్మాను అని తెలియాలి.

తరువాతి నిర్ణయం సైగల గురించి. స్పీచ్ థెరపిస్టు వద్దన్నారు, వినడం మీద శ్రద్ధ తగ్గుతుందని వారి భయం. వారు తేలిగ్గా అన్న మాట కాదు, వారి శిక్షణ అంతా ఆ దారిలోనిదే. నేను నికరాగువా సంగతి చెప్పాను. అక్కడ 1970ల చివర్లో వినికిడి లేని పిల్లలు స్కూళ్ళలో మొదటిసారి ఒకచోట చేరి ఒక కొత్త సైగభాషనే పుట్టించారు. జెన్నీ పయర్స్, ఆన్ సెంగాస్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదటి తరంవాళ్ళ సైగల్లో 'తెలుసు', 'అనుకుంటున్నాడు' లాంటివి తక్కువగా ఉండేవి, పెద్దవాళ్ళయ్యాక కూడా వాళ్ళు తప్పు నమ్మకం పరీక్షలో తడబడ్డారు. కొన్నేళ్ళకు ఆ సైగలు పెరిగాక అదే మనుషులు మెరుగయ్యారు. మాట నోటిదా చేతిదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆలోచన గురించి మాట్లాడుకోవడానికి మాట ఉందా లేదా అన్నదే. చివరికి ముందు నోటితో చెప్పి, వెంటనే చేత్తో కూడా చూపించాలని ఒప్పుకున్నాం. తెలుసు, తెలియదు, అనుకోవడం, మర్చిపోవడం, పొరపాటు, దాచడం వంటి కొన్ని సైగలు ఇండియన్ సైన్ లాంగ్వేజ్ వీడియోలు చూసి ఇల్లంతా నేర్చుకుంది. మాట తగ్గలేదు. "మర్చిపోయా" అన్న మాట అతని నోట వచ్చింది అప్పుడే.

ఇంటి పని ఇంతకన్నా పెద్దది. తల్లికి కొత్త పాఠాలు ఇవ్వలేదు, పేర్లు చెప్పించడం తగ్గించి చెల్లితో మాట్లాడినట్టే కిట్టుతోనూ మాట్లాడమన్నాను. పెద్దల మధ్య ఏదైనా మాట నడిస్తే ఆ తర్వాత అతని వైపు తిరిగి "నాన్న ఏమన్నాడో విన్నావా? కరెంటు బిల్లు కట్టాననుకున్నాడట, కట్టలేదట" అని చెప్పాలి. మొదట్లో ఆమెకి ఇది కృత్రిమంగా అనిపించింది. "ఎనిమిదేళ్ళవాడికి బిల్లు సంగతి ఎందుకు మేడమ్?" అంది. బిల్లు కోసం కాదు, నాన్న పొరపాటు పడగలడని తెలియడం కోసం అన్నాను.

నాయనమ్మ కథల వేళ మారింది. మిషన్ తీయకముందే, లైటు వెలుగుతుండగా, ఆమె ముఖం కనిపించేలా. కోతి, మొసలి కథలో కోతి "నా గుండె చెట్టు మీద ఉంది" అంటే, కిట్టు లేచి కూర్చుని "చెట్టు మీద ఉందా?" అని అడిగాడట. ఆ ప్రశ్న విని నాకెంతో సంతోషమైంది. అతను కథని అనుసరిస్తున్నాడు, సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నాడో కూడా తెలిసింది. మర్నాడు కోతికో బుడగ, మొసలికో బుడగ గీయించారు. కోతికి తెలుసు, మొసలి నమ్మింది. తర్వాత చాలా రాత్రులు అదే కథ కావాలన్నాడు.

రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే నాన్న ఇంకో అవకాశం. ఆయన చెప్పులు రోజూ పెట్టే చోటునుంచి పిల్లలిద్దరూ మార్చి పెట్టాలి. నాన్న ఎక్కడ వెతుకుతాడు? మొదట్లో కిట్టు నాన్న రాగానే దాచిన చోటికే పరిగెత్తి చూపించేవాడు. చెల్లి నోరు మూసి లాగేది. ఆ పాప చేసినంత పని మేమెవరం చేయలేదు, ఎందుకంటే ఆమెకి అది ఆట. కొన్ని వారాలకి కిట్టు పెదాల మీద వేలు పెట్టుకుని అమ్మతో "నాన్నకి చెప్పకు" అన్నాడు.

ఆ తర్వాత నెలలోనే ఒక ఫిర్యాదు. ఫ్రిజ్‌లో స్వీటు తిని, మూతి కడుక్కుని, "చెల్లి తింది" అన్నాడట. ఇదేం నేర్పారు అన్నట్టుగా తల్లి ఫోన్ చేసింది. వెనకటి అబద్ధానికీ దీనికీ తేడా ఏమిటో వివరించాను. అప్పుడు వస్తువు చేతిలో పెట్టుకుని "తీయలేదు" అనేవాడు. ఇప్పుడు అమ్మ చూడలేదని, ఆనవాలు లేకపోతే నమ్ముతుందని లెక్కవేశాడు. ఎదుగుదల పరంగా ఇది ముందడుగు. అలాగని ఊరుకోమనలేదు. చెల్లిని అమ్మ ఊరికే తిట్టినప్పుడు చెల్లి తలపైన ఏ బుడగ ఉంటుందో గీయించమన్నాను. గీశాడు, చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే తన వంతు స్వీటు ఆమెకిచ్చాడు.

స్కూల్లో చేసింది తక్కువే, కానీ టీచర్ మనసుపెట్టి చేశారు. గొడవ జరిగితే ముందు పుల్లల బొమ్మలతో మూడు గడులు గీయడం: ఏం జరిగింది, అతను ఏమనుకున్నాడు, నువ్వేమనుకున్నావు. కాలు తొక్కిన పిల్లవాడి బుడగలో ఏముందో అడిగితే మొదటిసారి "నన్ను చూడలేదు" అన్నాడు. కొట్టడం ఆ వారంలోనే ఆగిపోలేదు, మెల్లగా తగ్గింది.

దీని నుంచి మేం మార్చుకున్నవి

మా సెంటర్‌కి వచ్చే ప్రతి వినికిడి లోపం ఉన్న పిల్లవాడికి ఇప్పుడు 'చూడనివాడికి తెలియదు' ప్రశ్న అడుగుతున్నాం. పదాల లెక్కతో పాటు ఇంట్లో ఎలాంటి మాటలు అందుతున్నాయో ఒక భోజనం రికార్డింగ్ వింటున్నాం. పడుకునే ముందు మిషన్ ఎప్పుడు తీస్తారు, కథలు ఎప్పుడు చెబుతారు అని తప్పకుండా అడుగుతున్నాం. తోబుట్టువులు ఉంటే బయట కూర్చోబెట్టకుండా లోపలికి పిలుస్తున్నాం. ఆటిజం అనుమానంతో వచ్చినవారికి, మొదటి నాలుగైదేళ్ళలో ఎవరితో ఎంత సంభాషణ జరిగిందో రాసుకోకుండా నిర్ణయం ఇవ్వడం లేదు. ఆటిజం, వినికిడి లోపం రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉంటారు, కాబట్టి తొందరపడి కొట్టిపారేయడమూ లేదు.

ఈ ఫలితమంతా బుడగలదే అని చెప్పలేను. మ్యాపింగ్, వయసు, చెల్లి ఎదగడం, టీచర్ శ్రద్ధ అన్నీ కలిశాయి. ఒక్క పిల్లవాడి కేసులో వాటిని పూర్తిగా విడదీయలేం. అయితే మ్యాపింగ్ తర్వాత ఆగి చూసిన వారాలు, ఫ్లాష్‌కార్డులతో గడిచిన కాలం మా ముందున్నాయి. వాటిలో కదలని మెట్లు, ఇంట్లో మాట తీరు మారాకే కదిలాయి.

ప్రస్తుతం

ఏడాది గడిచాక మళ్ళీ చూశాం. సొరుగు ప్రశ్న దాటాడు. క్రేయాన్ల పెట్టెకు బదులు అతను ఎప్పుడూ చూడని సీలు వేసిన అగరువత్తుల పెట్టె వాడాం. నాయనమ్మ ఏమనుకుంటుంది అంటే "అగరువత్తులు. లోపల చూడలేదు కదా" అన్నాడు. కారణం తనే చెప్పడం నాకు జవాబు కంటే విలువైనది. లోపలి బాధను దాచుకునే ముఖం ప్రశ్న ఇంకా దాటలేదు. మేనత్త తెచ్చిన చొక్కా నచ్చకపోయినా "బావుంది" అన్న పిల్లవాడి కథ చెబితే, "బావుంది అన్నాడు, అంటే ఇష్టమే" అన్నాడు. వెటకారం అర్థం కాదు. నలుగురు కలిసి మాట్లాడుకునే చోట ఎవరు ఎవరి మాటకి నవ్వుతున్నారో అందదు, ఆటపట్టిస్తే ఏడుస్తాడు.

వచ్చే ఏడాది పెద్ద స్కూలుకి మారుతున్నాడు. పిల్లలు ఎక్కువ, గోల ఎక్కువ, ఆటపట్టించడం కూడా ఎక్కువే. కొత్త టీచర్‌కి తల్లితో కలిసి ఒక పేజీ రాసిచ్చాం. ఎవరు మాట్లాడుతున్నా చేత్తో చూపించమని, మిగతా పిల్లల జవాబులు మళ్ళీ పలకమని, గొడవ వస్తే ముందు గడులు గీయించమని. కొంచెం పెద్దవాళ్ళైన, సైగభాష మాట్లాడే పిల్లలతో వారాంతాల్లో కలిసేలా ఏర్పాటు కోసం చూస్తున్నాం. తండ్రి ఇంకా తటపటాయిస్తున్నాడు, తల్లి ఒప్పుకుంది. స్కూలు తెరిచిన రెండు నెలలకి వెటకారం, దాచుకున్న భావాల ప్రశ్నలతో మళ్ళీ కూర్చుంటాం.